తాతగారి చేతి గడియారం ఏ కాలానిది? గుర్తింపు, తయారీ సంవత్సరం గురించి సహాయం కావాలి

వారసురాలు

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు చాలా ఏళ్ళు కట్టుకున్న చేతి గడియారం ఈ మధ్యనే అమ్మ నా చేతిలో పెట్టింది. ఆయన పోయిన తరువాత అది ఒక రేకు డబ్బాలో, దూదిలో చుట్టి, బీరువా అడుగున దశాబ్దాలపాటు ఉండిపోయింది. డయల్ మీద ఒమేగా పేరు, దాని గుర్తు ఉన్నాయి. కేసు, అంటే బయటి తొడుగు, స్టీలుది. ఆరు అంకె ఉండవలసిన చోట చిన్న సెకన్ల ముల్లు విడిగా తిరుగుతుంది. రోజూ కీ ఇచ్చుకోవలసిన రకం. గంటల ముల్లులోను, నిమిషాల ముల్లులోను, అంకెల పక్కనున్న చుక్కల్లోను చీకట్లో వెలిగే రంగు పూసిన ఆనవాళ్ళు ఉన్నాయి కానీ ఇప్పుడు ఏదీ వెలగడం లేదు. ముళ్ళలోని రంగు ముదురు గోధుమ వన్నెలో ఉంది, చుక్కల్లోది లేత మీగడ రంగులో ఉంది. డయల్ కింది అంచున, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాలతో "టీ స్విస్ మేడ్ టీ" అని రాసి ఉంది. ఫోటో కూడా పెడుతున్నాను.

మా ఇంట్లో మొదటినుంచీ చెప్పుకొనే మాట ఏమిటంటే, తాతగారు 1946లో మొదటి ఉద్యోగంలో చేరి, కొన్ని నెలల జీతం కూడబెట్టి ఈ వాచీ కొనుక్కున్నారని. ఆ మాట నిజమో కాదో వాచీని చూసి తేల్చుకోవడం సాధ్యమేనా? దీన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు, అందుచేత విలువ ఎంతని అడగడం లేదు. ఆయన చేతికి ఇది ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవాలన్నదే నా కోరిక.

భూతద్దం

మీరు వివరాలు రాసిన తీరు చాలా బాగుంది, ముఖ్యంగా రెండు రంగుల తేడాను గమనించినందుకు అభినందనలు. ఆ తేడా దగ్గరకు మళ్ళీ వస్తాను. అంతకంటే ముందు ఒక మనవి: దశాబ్దాలుగా ఆగి ఉన్న వాచీకి కీ ఇచ్చి నడిపించకండి. లోపలి నూనె ఎండిపోయి బంకగా మారి ఉంటుంది, ఆ స్థితిలో నడిపితే ఇరుసుల మొనలు అరిగిపోతాయి. అద్దం, కేసు మెరుగు పెట్టించకండి. పాత రాతలు, గీతలు పోయాయంటే మీరు వెతుకుతున్న సాక్ష్యమే పోతుంది.

ఇక అసలు సంగతి. పాత వాచీకి ఒకే పుట్టిన తేదీ ఉంటుందని అనుకుంటాము కానీ నిజానికి యంత్రానికి ఒక కాలం, కేసుకు ఒక కాలం, డయల్‌కు ఒక కాలం, ముళ్ళకు ఒక కాలం ఉండవచ్చు. యాభై ఏళ్ళు వాడుకలో ఉన్న వస్తువుకు అది సహజమే. కాబట్టి ప్రతి భాగాన్నీ విడివిడిగా ప్రశ్నించి, అవి చెప్పిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా లేదా అని చూడాలి.

మొదటి సాక్ష్యం మీరే ఇచ్చారు. డయల్ అడుగున "స్విస్ మేడ్" అనే మాటకు అటూ ఇటూ ఉన్న టీ అక్షరం ట్రిటియానికి గుర్తు. గడియారాల్లో చీకట్లో వెలిగే రంగుకు తొలినాళ్ళలో రేడియం వాడేవారు. దాని ప్రమాదం స్పష్టంగా అర్థమైన తరువాత, 1960ల తొలి సంవత్సరాలలో, ఎంతో బలహీనమైన కిరణాలు వెలువరించే ట్రిటియానికి మారారు. ఆ మార్పును తెలియజేయడానికే డయల్ మీద టీ అక్షరం చేర్చారు. కొన్నిటి మీద టీ పక్కన 25 అంకె కూడా కనిపిస్తుంది, రేడియోధార్మికత 25 మిల్లీక్యూరీలకు లోపే ఉందని దాని అర్థం. కాబట్టి మీ డయల్ 1946 నాటిది కావడానికి వీలు లేదు. అయితే ఈ మాట డయల్‌కు మాత్రమే వర్తిస్తుంది, దాని కింద ఉన్న యంత్రం గురించి ఇది మనకు ఇంకా ఏమీ చెప్పలేదు.

"స్విస్ మేడ్" అన్న మాటను చూసి కాలం లెక్క కట్టకండి. ఆ మాటకు స్విట్జర్లాండ్ ప్రభుత్వం 1971 డిసెంబరులో చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చింది. దాన్ని పట్టుకుని, ఆ మాట ఉన్న వాచీలన్నీ 1971 తరువాతివేనని కొందరు తేల్చేస్తారు. ఆ వాడుక అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఉంది.

వెనక మూత తీయించి లోపలి ఫోటోలు పెట్టగలరా?

స్ప్రింగు

డయల్ 1960ల నాటిది, ఇంట్లో చెప్పే మాట 1946 నాటిది. రెండింటికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, ఇది వేర్వేరు వాచీల భాగాలు కలిపి తయారుచేసినదో, పూర్తిగా నకిలీయో అయి ఉంటుందని నా అనుమానం. ఒమేగా పేరుతో నకిలీలు విస్తారంగా ఉన్నాయి. మీరు బాధపడతారేమో కానీ, ముందే అనుకోవడం మంచిదని రాస్తున్నాను.

చేతిపని

నేను వాచీ రిపేరు పని చేసేవాడిని, ముప్పై ఏళ్ళుగా ఇదే నా వృత్తి. స్ప్రింగు గారి అనుమానాన్ని తప్పు పట్టను కానీ, ఆ నిర్ణయానికి ఇప్పుడే రావడం సరి కాదు. డయల్ పాతబడి, తేమ తగిలి మచ్చలు పడినప్పుడు తయారీదారులే కొత్త డయల్ సరఫరా చేసేవారు. సర్వీసుకు ఇచ్చిన వాచీ కొత్త డయల్‌తో తిరిగి రావడం ఆ రోజుల్లో మామూలు విషయం. సొంతదారు కూడా దాన్ని నష్టంగా భావించలేదు, వాచీ కొత్తదిలా మెరుస్తున్నదని సంతోషించాడు. పాత డయల్ విలువైనదని అనుకోవడం సేకరణ చేసేవారు తరువాతి కాలంలో తెచ్చిన ఆలోచన.

కంపెనీ ఇచ్చిన బదులు డయల్‌కు, స్థానికంగా మళ్ళీ రంగు వేసి రాసిన డయల్‌కు తేడా ఉంది. మళ్ళీ రాసిన దానిలో అక్షరాల అంచులు పలచబడి చెదిరినట్లుంటాయి, చిన్న సెకన్ల వలయంలోని గీతలు మధ్య రంధ్రానికి సరిగ్గా కుదరవు, నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా పడవు. రాసేటప్పుడు డయల్‌ను సరిగ్గా నిలబెట్టుకోవడానికి అంచున చిన్న గంటు పెట్టడం కూడా ఉంది. మీరు పెట్టిన ఫోటోలో, పెద్దది చేసి చూసినా, నాకు అలాంటి లోపం ఏదీ కనబడలేదు.

మూత తీయడం గురించి ఒక మాట. పాత స్టీలు కేసుల్లో కొన్నిటికి మూత నొక్కి బిగించినది, అంచున సన్నని పెదవి ఉంటుంది. కొన్నిటికి మరమేకులా తిప్పి బిగించినది, అంచు చుట్టూ గాట్లు ఉంటాయి. మరి కొన్ని కేసులకు వెనక మూతే ఉండదు, అద్దం తీసి ముందునుంచి యంత్రాన్ని బయటికి తీయాలి. ఏ రకమో తెలియకుండా వంటింటి చాకుతో ప్రయత్నించినవారు తెచ్చే వాచీలు నేను వారానికి ఒకటైనా చూస్తాను. దయచేసి పని తెలిసినవారి చేత తీయించండి.

ముళ్ళలోని ముదురు రంగు రేడియం అయ్యే అవకాశం చాలా ఉంది. వెలగడం లేదు కాబట్టి అందులో శక్తి అయిపోయిందనుకోకండి. రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. దానితో కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ నిరంతర తాకిడికి పాడైపోయింది కాబట్టి వెలుగు ఆగింది, రేడియం మాత్రం దాదాపు అంతా అలాగే ఉంది. అద్దం ఉన్నంతవరకు రంగు పొడి బయటికి రాదు. అద్దం తీసి గోకడం, ఊదడం, బ్రష్షుతో రుద్దడం చేయకూడదు. ఆ పొడి లోపలికి పీల్చడమే ప్రమాదం.

వారసురాలు

చేతిపని గారి మాట విని, తెలిసిన పనివారి దగ్గర మూత తీయించాను. ఆయన అద్దం ముట్టుకోలేదు. లోపలి ఫోటోలు పెడుతున్నాను, కనిపించినవన్నీ రాసుకున్నాను.

యంత్రం ఎర్రటి రాగి రంగులో మెరుస్తున్నది, ఇన్నేళ్ళ తరువాత కూడా అంత శుభ్రంగా ఉంటుందని నేను అనుకోలేదు. దాని మీద ఒమేగా వాచ్ కంపెనీ అని, 17 జ్యువెల్స్ అని, 266 అనే అంకె, దానికి విడిగా 123తో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉన్నాయి. తిరిగే చక్రం మధ్యలో ఉన్న ఎర్ర రాయిని, వీణ ఆకారంలో ఉన్న సన్నని బంగారు రంగు తీగ పట్టుకుని ఉంది. మూత లోపలి వైపు కంపెనీ పేరు, స్టీలు అని ఫ్రెంచిలో ఒక మాట, 26తో మొదలయ్యే నాలుగు అంకెల సంఖ్య ఉన్నాయి. ఇంకా, పదునైన మొనతో గీసినట్లున్న చాలా సన్నని రాతలు మూడు చోట్ల ఉన్నాయి, వాటిని ఇంకా సరిగ్గా చదవలేకపోయాను.

భూతద్దం

ఇప్పుడు దారి దొరికింది. ఒక్కొక్కటిగా చూద్దాం.

266 అనేది యంత్రం రకం, దాన్నే కాలిబర్ అంటారు. దీని వెనక మంచి చరిత్ర ఉంది. ఒమేగా 1939లో 30 మిల్లీమీటర్ల వ్యాసం గల కీ ఇచ్చే యంత్రాన్ని తెచ్చింది, దాని పేరు 30టీ2. పెద్ద బ్యాలెన్సు చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకను నిలకడగా ఉంచే చక్రం), దృఢమైన నిర్మాణం, సరళమైన అమరిక వల్ల అది ఆ కంపెనీ చేసిన వాటిలో ఎంతో నమ్మకమైనదిగా పేరు తెచ్చుకుంది. గంటకు 18,000 సార్లు టిక్కుమంటూ నడుస్తుంది. 1949 ప్రాంతంలో కంపెనీ తన యంత్రాల పేర్లను మూడంకెల పద్ధతిలోకి మార్చినప్పుడు ఈ కుటుంబానికి 260ల లోను, 280ల లోను సంఖ్యలు వచ్చాయి. అక్షరాలకు బదులుగా 266 అని ముద్రించి ఉందంటే, ఆ ముద్ర పడినది ఈ మార్పు జరిగిన తరువాతే. 1946లో చేసిన యంత్రం మీద ఆ అంకె ఉండే అవకాశం లేదు.

ఎనిమిది అంకెల సంఖ్య వరుస సంఖ్య. ఒమేగా వరుస సంఖ్యల పట్టికలలో కోటీ ఇరవై లక్షల దగ్గర 1950, కోటీ ముప్పై లక్షల దగ్గర 1952 అని ఉంటుంది. మీది కోటీ ఇరవై మూడు లక్షల చిల్లర. అంటే 1950, 1951 మధ్య. ఈ పట్టికలను మరీ గట్టిగా పట్టుకోకూడదు, అవి స్థూలమైన అంచనాలు. యంత్రానికి సంఖ్య వేసిన రోజుకూ, అది కేసులో చేరిన రోజుకూ, దుకాణంలో అమ్ముడుపోయిన రోజుకూ మధ్య నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడిచేవి. కాబట్టి కొన్నది 1951 కావచ్చు, 1953 కూడా కావచ్చు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. మూత లోపలి నాలుగంకెల సంఖ్యను పట్టికలో వెతికి, దొరకలేదని కంగారు పడతారు. అది కేసు నమూనా సంఖ్య, వరుస సంఖ్య కాదు. మీ కేసులో 26తో మొదలయ్యే సంఖ్య ఉండడం 1950ల తొలి సంవత్సరాలకు చక్కగా సరిపోతుంది. 1960లలో అయితే ఆ కంపెనీ మూడు అంకెలు, ఒక చుక్క, మళ్ళీ మూడు అంకెలు ఉండే పద్ధతికి మారింది. అన్ని కంపెనీలూ ఒకే చోట సంఖ్య వేయవు. రోలెక్స్ వాచీల్లో వరుస సంఖ్య యంత్రం మీద కాకుండా కేసు మీద, స్ట్రాపు తగిలించే కొమ్ముల మధ్య ఉంటుంది. 1950ల నాటి రోలెక్స్ మూతల లోపల రోమన్ అంకెతో సంవత్సరంలో ఎన్నో పావు భాగమో, దాని పక్కన సంవత్సరమో ముద్రించి కనిపించడం కూడా ఉంది.

వీణ ఆకారంలో మీరు చూసిన తీగ ఇంకాబ్లాక్ అనే ఏర్పాటు. 1930లలో వచ్చిన ఈ పద్ధతిలో ఇరుసు మొన ఆనే రాయి కదలకుండా బిగించి ఉండదు, స్ప్రింగు మీద ఆనుకుని ఉంటుంది. వాచీ కింద పడినా బ్యాలెన్సు చక్రం ఇరుసు విరగకుండా అది కాపాడుతుంది. యంత్రం మీద మూడు అక్షరాల గుర్తు ఏదీ లేదని మీ ఫోటోలో తెలుస్తోంది. అమెరికాకు ఎగుమతి చేసిన స్విస్ యంత్రాల మీద దిగుమతిదారు గుర్తుగా మూడు అక్షరాలు ఉండేవి, ఒమేగాకు ఓఎక్స్‌జీ. అక్కడి సుంకం, సమయం తప్పకుండా ఉండేలా యంత్రాన్ని ఎన్ని విధాలుగా సరిచేశారన్న దాన్ని బట్టి పెరిగేది కాబట్టి, చాలా మంచి యంత్రాల మీద కూడా "సరిచేయలేదు" అని ముద్రించి పంపేవారు. మీది ఆ మార్కెట్‌కు వెళ్ళినది కాదు.

యంత్రం, కేసు రెండూ 1950ల ఆరంభాన్నే చూపిస్తున్నాయి, ఒకదానికొకటి పుట్టుకతోనే తోడుగా ఉన్నాయని నా నమ్మకం. స్ప్రింగు గారు అనుకున్నట్లు అతుకుల వాచీ కాదు.

స్ప్రింగు

ఒప్పుకుంటున్నాను. కాలిబర్ సంఖ్య మారిన సంగతి నాకు తెలియదు. అనుమానాన్ని వెనక్కు తీసుకుంటున్నాను.

కొత్తచేరిక

ఈ చర్చ చదివి నా దగ్గరున్న వాచీ మూత కూడా తీయించాను. డయల్ మీద ఎక్కడా వినని పేరు ఉంది, యంత్రం మీద పేరే లేదు. వరుస సంఖ్యా లేదు. ఇలాంటి వాటికి ఏమైనా దారి ఉందా?

చేతిపని

ఉంది. డయల్ మీద పేరు ఎవరిదైనా, లోపలి మిషను చాలావరకు కొద్దిమంది తయారీదారులలో ఒకరిదే అయి ఉంటుంది. ఏ. షిల్డ్, ఫాంటెన్‌మెలన్, ఈటా, యూనిటాస్, పెస్యూ, ఫెల్సా వంటి సంస్థలు సగం తయారైన మిషన్లను చేసి వందలాది వాచీ కంపెనీలకు అమ్మేవి. వాటి గుర్తు, కాలిబర్ సంఖ్య సాధారణంగా బ్యాలెన్సు చక్రం కింద పలక మీద ఉంటాయి. చక్రం ఆగి ఉన్నప్పుడు పక్కనుంచి దీపం వేసి భూతద్దంతో చూడాలి. ఒక చిన్న డాలులో ఏఎస్ అక్షరాలు కనిపిస్తే అది ఏ. షిల్డ్‌ది.

అక్కడ కూడా ఏమీ లేకపోతే మిషను వ్యాసం కొలవండి. ఈ వృత్తిలో కొలత లీన్య్‌లలో ఉంటుంది, ఒక లీన్య్ అంటే సుమారు 2.256 మిల్లీమీటర్లు. పదిన్నర లీన్య్‌లు అంటే 23.7 మిల్లీమీటర్లు. ఆ తరువాత డయల్ తీసి, కీ లాగినప్పుడు కదిలే చిన్న ఉక్కు బిళ్ళ ఆకారాన్ని పరిశీలించాలి. ప్రతి కాలిబర్‌కూ ఆ బిళ్ళ రూపం వేరు, మాకు అది వేలిముద్రలాంటిది. వ్యాసం, ఆ బిళ్ళ రూపం రెండూ కలిసిన కాలిబర్ దొరికితే అది ఏ కాలంలో తయారైందో తెలుస్తుంది. ఒకే సంవత్సరం అని చెప్పలేకపోయినా పదేళ్ళ పరిధిలోకి వస్తుంది.

పాతలెక్క

కొత్తచేరిక గారి ప్రశ్నకు కొనసాగింపుగా ఒకటి రెండు విషయాలు రాస్తాను. కొన్ని కంపెనీలు సంవత్సరాన్ని తామే ముద్రించాయి. బులోవా 1950 నుంచి ఒక అక్షరం, ఒక అంకె వేసింది. ఎల్ అంటే 1950లు, ఎమ్ అంటే 1960లు, ఎన్ అంటే 1970లు. ఎమ్5 అని ఉంటే 1965. సీకో వాచీ వెనక ఉన్న వరుస సంఖ్యలో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండవది నెల. ఏ దశాబ్దమో మాత్రం అది చెప్పదు, దాన్ని కాలిబర్ తయారైన కాలాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. పదేళ్ళు తప్పుగా లెక్కించినవారిని చాలామందిని చూశాను.

బంగారు కేసు ఉన్నవారు మూత లోపలి ముద్రలను చూడాలి. స్విస్ కేసుల్లో స్త్రీ తల ముద్ర 18 క్యారెట్లకు, ఉడుత ముద్ర 14 క్యారెట్లకు గుర్తు. 1995 నుంచి వీటన్నిటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. బ్రిటన్‌లో బంగారం స్వచ్ఛత పరీక్ష చేయించిన కేసులైతే ఇంకా మేలు, ఏటికొక అక్షరం ఉంటుంది. ఆ అక్షరాల వరుస 1975 వరకు ఊరికొక తీరుగా ఉండేది కాబట్టి, ముందు ఏ పరీక్షా కేంద్రమో గుర్తించి, తరువాత అక్షరం ఆకారాన్ని, దాని చుట్టూ ఉన్న డాలు రూపాన్ని పోల్చుకోవాలి.

వారసురాలు గారూ, మీరు దాదాపు పక్కన పెట్టేసిన విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. మూత లోపలి సన్నని గీతలు రిపేరు చేసినవారు వేసుకున్న గుర్తులు. తమ పని తమకు తిరిగి వచ్చినప్పుడు గుర్తు పట్టడానికి ఒక సంఖ్యో, నెలా సంవత్సరమో సూదితో గీసేవారు. పట్టికలు కర్మాగారం గురించి చెబుతాయి. ఆ గీతలు ఈ ఒక్క వాచీ గురించి, అది మీ తాతగారి చేతిమీద గడిపిన కాలం గురించి చెబుతాయి. దీపాన్ని పక్కనుంచి, బాగా వాల్చి వేసి ఫోటో తీయండి. అలాగే ఇంట్లో ఉన్న పాత ఫోటోలలో ఆయన ఎడమ చేతి మణికట్టు కనిపించేవన్నీ వెతికి, వెనకవైపు తేదీ రాసి ఉందేమో చూడండి.

వారసురాలు

మీ అందరికీ జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. అమ్మ, నేను కూర్చుని ఆల్బములన్నీ వెతికాము.

ముందుగా గీతలు. దీపం పక్కనుంచి వేస్తే మూడూ చదవగలిగాను: 11.53, 6.58, 2.64. ఒక్కొక్కటి ఒక్కో చేతివ్రాత. చివరిదాని పక్కన ఒక చిన్న గుండ్రటి గుర్తు కూడా ఉంది.

ఇక ఫోటోలు. 1948 అని వెనక రాసి ఉన్న ఒక ఫోటోలో తాతగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతికి వాచీ ఉంది కానీ అది ఇది కాదు, నలుచదరంగా, సన్నగా ఉన్న వేరే వాచీ. 1952 నాటి మరొక ఫోటోలో గుండ్రటి వాచీ ఉంది. కొమ్ముల వంపు, చిన్న సెకన్ల వలయం ఇప్పుడు నా దగ్గర ఉన్నదానితో సరిగ్గా సరిపోయాయి. డయల్ మాత్రం వేరు, దాని మీద 12, 3, 9 అంకెలు పెద్దవిగా కనిపిస్తున్నాయి.

అమ్మకు ఆ నలుచదరపు వాచీ ఉన్న ఫోటో చూపించగానే కాసేపు మాట్లాడలేదు. అలాంటి వాచీ ఒకటి ఉండేదని, అది ఎక్కడో పోయిందని వాళ్ళమ్మ చెప్పగా చిన్నప్పుడు విన్నట్లు తరువాత గుర్తు చేసుకుంది. మొదటి జీతంతో కొన్న వాచీ నిజంగానే ఉంది. ఆ వాచీ పోయింది, దాని కథ మాత్రం మిగిలి, తరువాత వచ్చిన వాచీకి చేరింది.

పాతలెక్క

చాలా సంతోషం. కుటుంబంలో చెప్పుకొనే మాట అబద్ధం కాదు, వస్తువు మారింది అంతే. ఇలా జరగడం నేను ఇంతకుముందు కూడా చూశాను. వరుస సంఖ్య 1950 నుంచి 1951 మధ్య, ఫోటో 1952, మొదటి సర్వీసు 1953 నవంబరు. ఈ మూడూ ఒకే గీత మీద నిలిచాయి. నేనైతే కొన్న కాలాన్ని 1951కీ 1952కీ మధ్య నిర్ధారిస్తాను.

2.64 అనే గీత కూడా చూడండి. ట్రిటియం డయల్ కాలానికి అది సరిపోతుంది. డయల్ మార్చినది ఆ సర్వీసులోనే అని నా అభిప్రాయం.

భూతద్దం

ఏకీభవిస్తున్నాను. రెండు రంగుల సంగతికి మళ్ళీ వస్తానని మొదట్లో అన్నాను. ముళ్ళు ముదురుగా, చుక్కలు లేతగా ఉన్నాయంటే డయల్ మార్చినప్పుడు ముళ్ళను మార్చలేదని అర్థం. రేడియేషన్ కొలిచే పరికరం ఎవరి దగ్గరైనా దొరికితే అద్దం పైనుంచే తేల్చవచ్చు. రేడియం కిరణాలు అద్దాన్ని దాటి వస్తాయి, ట్రిటియం కిరణాలు దాటలేవు. పైగా ట్రిటియం సగానికి తగ్గడానికి 12 ఏళ్ళ చిల్లర చాలు, 1964 నాటిది ఇప్పటికి దాదాపు లేనట్లే.

స్ప్రింగు

1952 ఫోటోలోని డయల్ ఎలా ఉందో స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి, అదే కాలపు అసలు డయల్ ఒకటి సంపాదించి పెట్టిస్తే వాచీ పుట్టినప్పటి రూపానికి వస్తుంది. ఓపికగా వెతికితే దొరుకుతుంది. నా దగ్గర ఉంటే అదే చేసేవాడిని.

చేతిపని

సేకరణ కోసం కొన్న వాచీకి ఆ సలహా సరైనదే. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. కొత్తగా తెచ్చే డయల్ ఎంత సరైన కాలానిదైనా అది ఇంకొకరి చేతిమీద గడిచిన డయల్. ఇప్పుడున్నది 1964 నుంచి ఆ తాతగారు రోజూ చూసుకున్న ముఖం. సర్వీసు మాత్రం తప్పక చేయించాలి. విప్పి, కడిగి, నూనె వేస్తే ఈ మిషను ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది. ముళ్ళు తీసేటప్పుడు రంగు రాలకుండా, రేడియం సంగతి తెలిసిన పనివారి చేతిలో పెట్టండి.

వారసురాలు

సర్వీసు నిన్న పూర్తయింది. పనివారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. పరికరం పెట్టి చూస్తే ముళ్ళ దగ్గర పలికింది. తరువాత ముళ్ళు తీసి మూత ఉన్న చిన్న గాజు గిన్నెలో పెట్టి, డయల్‌ను దీపం కిందికి తెచ్చారు. దాని మీద రెండు లేత గోధుమ రంగు నీడలు ఉన్నాయి, గంటల ముల్లు ఆకారంలో ఒకటి, నిమిషాల ముల్లు ఆకారంలో ఒకటి. ముళ్ళు తీసేశాక కూడా ఆ నీడలు ఏడు గంటల నలభై నిమిషాలు చూపిస్తున్నాయి.

భూతద్దం

అది రేడియం వేసిన ముద్ర. ముళ్ళు తిరుగుతున్నంతకాలం కిరణాలు ఒకే చోట పడవు కాబట్టి ఏ మచ్చా ఏర్పడదు. వాచీ ఆగిపోయి, ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటేనే ముల్లు కింద ఉన్న పూత అలా రంగు మారుతుంది. డబ్బాలో పెట్టిన తరువాత కీ అయిపోయి ఆగిన సమయం అదే.

వారసురాలు

అమ్మకు ఆ ఫోటో చూపించాను. డయల్ మార్చవద్దని, నీడలు తుడిపించవద్దని చెప్పింది. పనివారు కూడా వాటిని ముట్టుకోలేదు. వాచీ నడుస్తున్నది, రోజుకు పదిహేను సెకన్లు ముందుకు వెళ్తున్నది. మూత బిగించే ముందు తన సర్వీసు తేదీ గీయమంటారా అని ఆయన అడిగారు, గీయమన్నాను. 2.64 కింద ఇప్పుడు నాలుగో వరుస ఉంది.